జనం మధ్య కొలువు

"సేవ చేస్తానంటున్నావు, సంతోషం. మరి కూడెవరు పెడతారు?"

డిగ్రీ అయ్యాక ఎమ్మెస్‌డబ్ల్యూ (సమాజసేవలో పీజీ) చదువుతానని చెప్పిన పిల్లలకు ఇంట్లో ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. అడిగిన నాన్న మీద కోపం తెచ్చుకోకండి. అప్పుచేసి చదివించిన మనిషికి ఆ మాట అడిగే హక్కుంది. జవాబు దొరక్క కొందరు సేవను ఆదివారానికి వాయిదా వేసి, ఇష్టంలేని ఉద్యోగంలో ఏళ్లకేళ్లు గడిపేస్తారు. ఇంకొందరు ఇల్లు పట్టకుండా తిరిగి, ముప్పై దాటేసరికి చేతిలో పనీ జేబులో పైసా లేక అలసిపోయి వెనక్కొస్తారు. ఈ అధ్యాయం ఈ రెండూ కాని దారి గురించి. సమాజసేవ, జనంతో మాట్లాడటం, యువతకు శిక్షణ ఇవ్వడం అన్న మూడు పనులూ కలిపి ఒక వృత్తి అవుతుంది. దానితో ఇల్లు గడుస్తుంది కూడా. కాకపోతే మూడింట్లో ఒకదాన్ని జీతం తెచ్చే విద్యగా గట్టిగా నేర్చుకోవాలి. మిగతా రెండూ దాని పక్కనే పెరగాలి. మూడూ ఒకే ప్రాంతంలో, ఒకే జనం మధ్య చాలాకాలం సాగాలి.

దుర్గాబాయమ్మ నడిచిన దారి

ఈ మూడు పనులనూ ఒకే జీవితంలో పండించిన తెలుగు మనిషి దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909లో రాజమహేంద్రవరంలో పుట్టారు. 1921లో గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసి, దేవదాసీ స్త్రీలూ పరదా పాటించే ముస్లిం స్త్రీలూ ఆయన మాట వినాలని పన్నెండో ఏట ఉన్న ఆ పిల్ల పట్టుబట్టింది. గాంధీజీకి ఇచ్చే నిధికి ఐదువేల రూపాయలు తెస్తే చూద్దామన్నారు పెద్దలు. సొమ్ము సమకూరింది, సభ జరిగింది, గాంధీజీ హిందీ ప్రసంగాన్ని జనానికి తెలుగులో చెప్పిందీ ఆ పిల్లే. 1923 కాకినాడ కాంగ్రెస్‌లో ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపేసింది. నిర్వాహకులు ఆయనకు టికెట్ కొన్నాకే లోపలికి పంపింది.

ఈ రెండు సంగతులూ చాలామందికి తెలుసు. మీలాంటి వాళ్లకు అసలు పాఠం ఆ తర్వాతి కథలో ఉంది. ఉప్పు సత్యాగ్రహం, జైలు జీవితం అయ్యాక ఆమె మళ్లీ పుస్తకం పట్టారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష పాసయ్యారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో బీఏ చేశారు. 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా తీసుకుని కోర్టులో వకీలుగా నిలబడ్డారు. చదువు మధ్యలో ఆగిపోయిన తెలుగు ఆడపిల్లలను మద్రాసులో కూర్చోబెట్టుకుని, తాను రాసిన ఆ బెనారస్ మెట్రిక్ పరీక్షకే తయారుచేశారు. ఆ చదువు చెప్పే పని చుట్టూనే, న్యాయ పట్టాకు ముందే, 1937లో ఆంధ్ర మహిళా సభ నిలబడింది. 'ఆంధ్ర మహిళ' పత్రికతో సభ ఆలోచనలు ఊళ్లకు చేరాయి. తర్వాత రాజ్యాంగ సభ, ప్రణాళికా సంఘం వచ్చాయి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. చదువు ఆగిపోయిన స్త్రీలకు తక్కువ కాలంలో మెట్రిక్ స్థాయి చదువు చెప్పే కోర్సులను ఆ మండలి దేశమంతా నడిపింది. మద్రాసులో కొద్దిమంది ఆడపిల్లలకు చెప్పిన ట్యూషనే ఒక జాతీయ పథకానికి అనుభవమైంది.

ఆమె జీవితంలో వకీలు పని అన్నం పెట్టే విద్య.  శిక్షణ విషయానికొస్తే, తాను స్వయంగా దాటిన పరీక్షకే ఇతరులను తయారుచేశారు. దాటని ఏరు ఎలా దాటాలో చెప్పబోలేదు. మాటకు వేదికగా ఒక పత్రికను చేతిలో ఉంచుకున్నారు. ఇరవై ఏళ్లవాళ్లు తమ భవిష్యత్తు గీసుకునేటప్పుడు ఈ మూడు సంగతులూ ఒక కాగితం మీద రాసుకోవాలని నేను కోరతాను. నా అన్నం ఏ విద్యతో? నేను దాటిన ఏరు ఏది? నా మాట ఎవరికి, దేని ద్వారా చేరుతుంది?

ముందు ఒక చోటు

చాలామంది "సమాజానికి సేవ" అంటారు. సమాజం మరీ పెద్దది, దానికి ఇంటి నంబరు లేదు. నాలుగు ఊళ్లు, ఒక బస్తీ, ఒక గురుకులం, ఒక చేనేత వాడ ఇలా ఏదో ఒకటి ఎంచుకోండి. అక్కడి అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, పంచాయతీ కార్యదర్శి, హైస్కూలు హెడ్‌మాస్టరు, మహిళా సంఘం లీడరు మిమ్మల్ని పేరుపెట్టి పిలిచేదాకా ఇంకో చోటి గురించి ఆలోచించవద్దు.

ఊరిని తెలుసుకోవడానికి ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన ఒక పద్ధతి ఉంది. పీఆర్ఏ అంటారు, ఊరివాళ్లతో కలిసి ఊరిని అంచనా వేయడం అన్నమాట. ముగ్గుపిండి, గింజలు, ఆకులు తీసుకుని వీధిలోనే ఊరివాళ్ల చేత ఊరి పటం గీయిస్తారు. బోరింగు ఎక్కడ, బడి ఎక్కడ, ఏ ఇంట్లో పిల్లలు బడి మానేశారు, ఏ ఇంటివాళ్లు వలస పోయారు అన్నీ నేలమీద కనిపిస్తాయి. పటం గీసేవాళ్లను చూసినంత శ్రద్ధగా, గీయడానికి రానివాళ్లనూ చూడండి. ముగ్గు దగ్గరికి ఏ వాడ ఆడవాళ్లు రాలేదు? ఎవరు దూరంగా నిలబడి చూసి వెళ్లిపోయారు? మీ పని సాధారణంగా వాళ్ల దగ్గరే ఉంటుంది. పటం ఊరి నడిమధ్యలో కాకుండా ఎస్సీ వాడలో గీయించి చూడండి, అదే ఊరు వేరేగా కనిపిస్తుంది.

రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ చేసిన పనిని ప్రతి యువ కార్యకర్తా చదవాలి. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఏర్పడిన ఈ సంస్థ 1991 నుంచి బాలకార్మికుల మీద పనిచేసింది. ముందుండి నడిపింది హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చెప్పిన ఆచార్య శాంతా సిన్హా. బడిలో లేని ప్రతి పిల్లా పిల్లాడూ బాలకార్మికులే అన్నది వాళ్ల సూత్రం. ఫ్యాక్టరీలో ఉన్నా, పశువులు కాస్తున్నా, ఇంట్లో చెల్లిని ఎత్తుకుని కూర్చున్నా అంతే. పనిలోంచి బయటికొచ్చిన పిల్లలను బ్రిడ్జి కోర్సు శిబిరాల్లో పెట్టి, వయసుకు తగిన తరగతికి సిద్ధంచేసి బడిలో చేర్పించారు.

ఈ పనిని ఇల్లిల్లూ తిరిగి చేసింది ఆ ఊళ్ల యువకులు, యువతులు. తమ ఇంట్లో తామే మొదట చదువుకున్నవాళ్లు వాళ్లలో చాలామంది. "పిల్లను పనికి పంపుతావా, సిగ్గులేదా" అని తల్లిదండ్రులను దబాయించడం వాళ్ల పద్ధతి కాదు. పేదవాడికీ బిడ్డను చదివించాలనే ఉంటుంది, అడ్డుపడుతున్నది ఏమిటో కనిపెట్టి తీసేద్దాం అన్నది వాళ్ల నమ్మకం. పనిలో పెట్టుకున్న ఆసామిని కూడా శత్రువుగా చూడకుండా కూర్చోబెట్టి మాట్లాడి ఒప్పించారు. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమే తొలి అధ్యక్షురాలు. ఆ కార్యకర్తల దినచర్యలో సేవ, సంభాషణ, శిక్షణ అని మూడు గదులు లేవు. పొద్దున తల్లితో మాట్లాడి ఒప్పిస్తారు, మధ్యాహ్నం పిల్లకు అక్షరాలు దిద్దిస్తారు, సాయంత్రం బడి కమిటీలో కూర్చుంటారు.

మీరింకా కాలేజీలో ఉంటే ఎన్నెస్సెస్‌ను (జాతీయ సేవా పథకాన్ని) సర్టిఫికెట్ కోసం చేరే క్లబ్బుగా చూడకండి. గాంధీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న మొదలైన ఈ పథకంలో రెండేళ్లలో 240 గంటల సేవ, దత్తత గ్రామంలో 7 రోజుల ప్రత్యేక శిబిరం ఉంటాయి. చాలా కాలేజీల్లో ఆ ఏడు రోజులూ చీపుళ్లు పట్టి ఫొటోలు దిగడంతో సరిపోతాయి. మీరు మాత్రం ఆ ఊరి పటం గీయించండి. శిబిరం అయిపోయాక మరుసటి నెలలో మళ్లీ వెళ్లండి. రెండోసారి వచ్చిన విద్యార్థిని ఊరు గుర్తుపెట్టుకుంటుంది.

మాట

జనంతో మాట్లాడటం అనగానే మైకు, వేదిక, చప్పట్లు గుర్తొస్తాయి. వాటికి ముందు వినడం ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంట కథే దీనికి సాక్ష్యం. 1991లో ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. 'అక్షరదీపం' కార్యకర్తలు రాత్రి బడులు నడిపారు, కళాజాతాలతో ఊరూరా పాటలు, నాటికలు వేశారు. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. సారా వల్ల నాశనమైన ఒక ఇంటి కథ అది. కూలికెళ్లి వచ్చి లాంతరు ముందు కూర్చున్న ఆడవాళ్లు ఆ పాఠంలో తమ ఇల్లే చూసుకున్నారు. మాట్లాడుకున్నారు. సారా దుకాణం మూయించారు. వాళ్లను ముందుండి నడిపిన వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారాను ప్రభుత్వం నిషేధించింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. ఆ తర్వాత ఆ నిషేధం ఎలా సడలిందో అది వేరే చరిత్ర. మనకు కావలసింది మొదటి అడుగు. వాచకం రాసినవాళ్లు అక్షరాలకు ఉదాహరణలు వెతుక్కునేటప్పుడు ఊళ్లో ఆడవాళ్లు దేనికి ఏడుస్తున్నారో విన్నారు. అందుకే ఆ పాఠం అంటుకుంది.

ఇంకో ఉదాహరణ జహీరాబాద్ దగ్గరి మాచనూరు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని నిలబెట్టిన వాళ్లలో ఒకరైన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో ప్రొడ్యూసరు. టీవీ విద్య తెలిసిన మనిషి ఊరికొచ్చి, కెమెరానూ రికార్డింగునూ అక్కడి దళిత స్త్రీల చేతికిచ్చారు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో 90.4 మొదలైంది. స్వచ్ఛంద సంస్థలు కమ్యూనిటీ రేడియో పెట్టుకునే వీలు 2006లోనే వచ్చింది. దాన్ని దేశంలో తొలుత వాడుకున్న పల్లె రేడియోల్లో ఇది ముందువరసలోది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ నడిపిన ఆ స్టేషన్‌లో జొన్నలు, కొర్రలు, విత్తనాలు, పండగలు, పాటలు అన్నీ అక్కడి యాసలోనే. వినేవాళ్లే మాట్లాడేవాళ్లు. సతీష్ 2023లో కన్నుమూశారు. మంచి వక్త కావాలనుకునే యువకులకు నేను ఆయన పేరే చెబుతాను. తన గొంతు వినిపించడం కన్నా ఎదుటివాళ్ల గొంతు వినిపించేలా చేయడం పెద్ద విద్య అని ఆయన పని చూస్తే తెలుస్తుంది.

ఇక రోజువారీ సంగతులు. పల్లెలో మీటింగు పెట్టే వేళ మీరు నిర్ణయించేది కాదు. పత్తి తీసే రోజుల్లో, నాట్లప్పుడు పగలు మీటింగు పెడితే ముసలివాళ్లు తప్ప ఎవరూ రారు. రాత్రి వంటలయ్యాక పెట్టండి. ఆడవాళ్లు మాట్లాడాలంటే వాళ్లతో విడిగా కూర్చోండి. మగవాళ్లు గోడకానుకుని నిలబడిన చోట ఏ కోడలూ నోరు విప్పదు. కుర్చీ వేస్తే పక్కకు జరిపి చాప మీద కూర్చోండి. మొదటి పది నిమిషాలూ ప్రశ్నలే అడగండి. ఆ జవాబుల్లోంచే మీ మాట మొదలుపెట్టండి. పథకం గురించి చెబుతుంటే దానికి ఏ కాగితాలు కావాలో, ఎవరి దగ్గరికి వెళ్లాలో, ఎన్నాళ్లు పడుతుందో చెప్పండి. తెలియకపోతే తెలియదనండి, కనుక్కుని వచ్చే వారం చెబుతానని చెప్పి ఆ వారమే వెళ్లండి. పది మంచి ఉపన్యాసాలకు రాని నమ్మకం ఆ ఒక్క రాకతో వస్తుంది.

మైకు ముందు భయం చాలామందికి ఉంటుంది. దానికి మందు జనం ముందు తరచూ నిలబడటమే. జేసీస్‌లోనూ టోస్ట్‌మాస్టర్స్‌లోనూ వారం వారం మాట్లాడే అలవాటు అవుతుంది, చేరండి. అక్కడ నేర్చుకున్న చేతుల ఊపు, ముందే సిద్ధం చేసుకున్న జోకు మాత్రం ఊరికి తీసుకెళ్లకండి. ఊళ్లో మీకన్నా బాగా మాట్లాడేవాళ్లు ఉంటారు. ఒగ్గుకథ చెప్పేవాళ్ల పక్కన ఒక రాత్రి కూర్చుంటే గొంతు ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ ఆపాలో ఏ ట్రైనింగులోనూ దొరకనంత తెలుస్తుంది.

రాత కూడా మాటే. దాతలకు పంపే రిపోర్టులు, బేస్‌లైన్ సర్వేలు, ఖర్చు లెక్క చూపే యూసీలు ఇంగ్లిష్‌లోనే నడుస్తున్నాయి. ఆ ఇంగ్లిష్ నేర్చుకోండి, సిగ్గుపడాల్సిన పనేమీ కాదు. అదే రిపోర్టును రెండు పేజీల తెలుగులో రాసి ఊరి సభలో చదివి వినిపించండి. తమ గురించి ఢిల్లీకి ఏం రాస్తున్నారో ఆ ఊరివాళ్లకు తెలియాలి.

పిల్లలను తయారుచేయడం

2014 మే 25న మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. ఆమెతోపాటు ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్‌కుమార్ కూడా శిఖరం చేరాడు. పూర్ణ పేరు అందరికీ తెలుసు, ఆమె ధైర్యానికి ఎంత గౌరవమిచ్చినా తక్కువే. మీరు పట్టించుకోవాల్సింది ఆమె వెనక ఉన్న ఏర్పాటు. గురుకుల సంస్థ కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ తమ పిల్లలు ఇది చేయగలరని నమ్మారు. భువనగిరి బండ మీద కొండలెక్కడం నేర్పిన బచినేపల్లి శేఖర్‌బాబు ఉన్నారు. పిల్లలను ఏరి, దశలవారీగా వడపోసి, చలిప్రాంతాలకు తీసుకెళ్లి అలవాటు చేశారు. "నువ్వు సాధించగలవు" అన్న మాట ఒక్కటే చెప్పి ఏ పిల్లనూ ఎవరూ ఎవరెస్టు పంపలేరు. తాడు ఎలా కట్టాలో తెలిసిన మనిషి కావాలి.

ఇప్పుడు మన పట్టణాల్లో మోటివేషన్ క్లాసులు ఎక్కువయ్యాయి. రెండు గంటలు ఉత్సాహంగా మాట్లాడి, పిల్లల చేత కేకలు వేయించి, ఫొటో దిగి వెళ్లిపోయే వక్తలకు డబ్బూ బాగానే వస్తుంది. మీరు ఆ దారిలో పోవద్దని ఖచ్చితంగా చెబుతున్నాను. పదో తరగతి పిల్ల కన్నీళ్లు పెట్టుకున్నంత మాత్రాన శిక్షణ జరిగినట్టు కాదు. మరుసటి రోజు పొద్దున ఆమె లెక్కల పుస్తకం తీసినప్పుడు పక్కన ఎవరున్నారన్నదే లెక్క.

ఒక చిన్న పని చెబుతాను, ఎవరైనా మొదలుపెట్టొచ్చు. ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష ఎనిమిదో తరగతి సర్కారు బడి పిల్లలు రాస్తారు. తల్లిదండ్రుల వార్షికాదాయం మూడున్నర లక్షలు మించకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12 వేలు, నాలుగేళ్లకు 48 వేలు. మెంటల్ ఎబిలిటీ పేపరొకటి, పాఠ్యాంశాల పేపరొకటి, ఒక్కోదాంట్లో 90 ప్రశ్నలు. దీనికి కావలసింది వారానికి రెండు సాయంత్రాలు, పాత ప్రశ్నపత్రాలు, ఓపిక. కూలి ఇంట్లో ఆ 48 వేలు ఆడపిల్ల పెళ్లిని నాలుగేళ్లు వాయిదా వేయించగలవు. పాలిసెట్, ట్రిపుల్ ఐటీ ప్రవేశాలు, గురుకుల ప్రవేశ పరీక్షల తేదీలు, వాటికి కావలసిన కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలోనో సచివాలయంలోనో ఎప్పుడు తీసుకోవాలో రాసిన ఒక క్యాలెండరు మీ గోడ మీద ఉండాలి. పెద్ద మాటలు చెప్పే కౌన్సెలర్ల దగ్గర ఈ క్యాలెండరే కనిపించదు.

ఆటల్లోంచి వచ్చినవాళ్లకు ఇంకో దారి ఉంది. ఎస్.ఎం. ఆరిఫ్ హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో దశాబ్దాలు బాడ్మింటన్ నేర్పారు. ఆయన దగ్గర నేర్చుకున్న పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. గోపీచంద్ 2008లో గచ్చిబౌలిలో అకాడమీ తెరిచారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో 2012లో సైనా నెహ్వాల్‌కు, 2016లో పి.వి. సింధుకు ఒలింపిక్ పతకాలొచ్చాయి. గురువు నుంచి శిష్యుడికి, ఆ శిష్యుడి నుంచి ఇంకో తరానికి పోయిన విద్య ఇది. మీరు మండల స్థాయిలో ఖోఖో, కబడ్డీ ఆడినా ఈ దారి మీకూ తెరిచే ఉంది. పటియాలాలో 1961లో ఏర్పడిన జాతీయ క్రీడా సంస్థ కోచింగులో డిప్లొమా ఇస్తుంది, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది. బడుల్లో పీఈటీ కావాలంటే డీపీఈడీ, బీపీఈడీ చేయాలి. ఆట బాగా ఆడినంత మాత్రాన ఆట నేర్పడం రాదు. ఎదిగే వయసు ఒంటికి ఎంత పని చెప్పాలో చదువుకుని తెలుసుకోవాల్సిందే.

పిల్లలతో పనిచేసేవాళ్లు మొదటి రోజే నేర్చుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. ఏ పిల్లతోనూ, ఏ పిల్లాడితోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా కూర్చోకండి. రాత్రిపూట విడిగా మెసేజులు పెట్టకండి. తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఊరు దాటించకండి, ఫొటో పెట్టకండి. ఎవరైనా పిల్ల తన మీద జరిగిన లైంగిక హింస గురించి మీకు చెబితే అది రహస్యంగా దాచే విషయం కాదు. 2012 పోక్సో చట్టం ప్రకారం అలాంటిది తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడం నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు మీ ఫోన్లో ఉండాలి. పిల్ల పేరు మాత్రం బయటికి రాకూడదు, మీ రిపోర్టులో కూడా. ఈ జాగ్రత్తలు మీ మీద అనుమానంతో పెట్టినవని బాధపడకండి. పిల్లల దగ్గరికి ఎవరొచ్చినా ఇవే పాటించాలి.

జీతం సంగతి

నాన్న అడిగిన ప్రశ్నకు సూటిగా వద్దాం. ఎమ్మెస్‌డబ్ల్యూ చేసినవాళ్లకు ఆసుపత్రుల్లో మెడికల్ సోషల్ వర్కర్లుగా, హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాల్లో, సఖి కేంద్రాల్లో కౌన్సెలర్లుగా, జిల్లా బాలల సంరక్షణ విభాగాల్లో ఉద్యోగాలున్నాయి. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజరు, సీడీపీఓ పోస్టులున్నాయి. మహిళా సంఘాల వ్యవస్థలో ఊరి స్థాయి వీఓఏ నుంచి సీసీ, మండల స్థాయి ఏపీఎం దాకా మెట్లున్నాయి. ఆ వ్యవస్థలోంచే, బడికి అంతంతమాత్రంగా వెళ్లిన మన సంఘం అక్కలు సీఆర్పీలుగా (కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా) బిహార్ లాంటి రాష్ట్రాలకు వెళ్లి, అక్కడి ఆడవాళ్లకు సంఘాలు కట్టడం నేర్పి వచ్చారు. శిక్షకులకు పెద్ద డిగ్రీ కన్నా చేసి చూపిన పని ముఖ్యమనడానికి ఇంతకు మించిన రుజువు నాకు కనిపించలేదు. జర్నలిజం చదివితే సమాచార శాఖ, ఆరోగ్య శాఖల ప్రచార విభాగాలు, సంస్థల్లో కమ్యూనికేషన్ ఉద్యోగాలు ఉంటాయి. పాటా డప్పూ వచ్చినవాళ్లకు తెలంగాణ సాంస్కృతిక సారథిలాంటి కొలువులూ వచ్చాయి.

వీటిలో చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాలు. ఏటా రెన్యువల్ కోసం ఎదురుచూడాలి. జీతం మూడు నెలలు ఆగి ఒకేసారి రావడమూ మామూలే. కాబట్టి ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టకుండా పెద్ద నిర్ణయాలు చేయకండి. అనువాదం, వాయిస్ ఓవర్, వీడియో ఎడిటింగ్, లెక్కలు రాయడం లాంటి ఒక విద్య చేతిలో పెట్టుకోండి. ప్రాజెక్టు ఆగిన నెలలో అదే ఆదుకుంటుంది. డిగ్రీ అయినవాళ్లు ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియా లాంటి ఫెలోషిప్‌ను పదమూడు నెలలు చేసి చూడవచ్చు. పల్లెలో ఉండగలమో లేదో జీవితం పణం పెట్టకుండానే తెలిసిపోతుంది.

సొంత సంస్థ పెట్టడానికి మాత్రం తొందరపడకండి. సొసైటీ రిజిస్ట్రేషన్‌కు ఏడుగురు సభ్యులుంటే చాలు కనుక ఉత్సాహంలో చాలామంది పెట్టేస్తారు. ఆ తర్వాత ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ, 80జీ నమోదులు, ఆడిట్, రిటర్నులు అన్నీ వరసగా వస్తాయి. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలను సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చుపెట్టమంది. ఆ డబ్బు అందుకోవాలంటే సంస్థకు సీఎస్ఆర్-1 నమోదు, కనీసం మూడేళ్లు పనిచేసిన చరిత్ర ఉండాలి. ఇన్ని కాగితాల మధ్య ఊరికెళ్లే రోజులు తగ్గిపోతాయి. ముందు ఐదేళ్లు ఒక మంచి సంస్థలో పనిచేసి లెక్కలు ఎలా రాస్తారో చూడండి. బిల్లు లేని రూపాయి ఖర్చుపెట్టని సంస్థలో నేర్చుకోండి. తప్పుడు బిల్లు మీద సంతకం పెట్టమంటే ఆ రోజే బయటికి రండి.

ఇంట్లోవాళ్లను ఒకసారి మీరు పనిచేసే ఊరికి తీసుకెళ్లండి. అక్కడి జనం మీతో ఎలా మాట్లాడుతున్నారో అమ్మానాన్నలు కళ్లారా చూడాలి. నెలనెలా ఎంతో కొంత ఇంటికి పంపండి. కూడెవరు పెడతారన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు లేదు.

ఈ పుస్తకం చదవడం ఆపి, ఈ వారంలోనే మీకు దగ్గరున్న సర్కారు హైస్కూలుకు వెళ్లండి. హెడ్‌మాస్టరు గారిని కలిసి, ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ రాయగల పిల్లలు ఎంతమందో అడగండి. వారానికి రెండు సాయంత్రాలు వస్తానని ఆయనకు మాటివ్వండి. పరీక్ష అయ్యేదాకా ఒక్క సాయంత్రం కూడా మానకండి.